బెనెడిక్టైన్ మఠంలో ఆరు రోజుల ఏకాంతవాసం: క్రైస్తవేతరులకు సలహాలు కావాలి

ప్రశ్న

నమస్కారం. వచ్చే నెలలో ఒక బెనెడిక్టైన్ మఠం (పునీత బెనెడిక్టు నియమావళిని పాటించే కతోలిక సన్యాసుల మఠం) అతిథిగృహంలో ఆరు రోజులు గడపడానికి నాకు చోటు దొరికింది. నాన్నగారు చాలాకాలం మంచాన ఉండి కిందటి సంవత్సరం కన్నుమూశారు. ఆయనను చూసుకున్న రోజుల్లో నిమిషం తీరిక ఉండేది కాదు. ఇప్పుడు తీరిక దొరికినా మనసు ఒకచోట నిలవడం లేదు. నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ సంగతి దాచకుండా, అతిథుల బాధ్యత చూసే సన్యాసికి ఉత్తరం రాశాను. ఆయన ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఎన్నింటికి చేరుకుంటానో, ఆహారంలో పడనివేమైనా ఉన్నాయో అడిగి, దినచర్య పట్టికను జతచేశారు.

ఆ పట్టికను చూసినప్పటి నుంచి సందేహాలు మొదలయ్యాయి. తెల్లవారుజామున అయిదింటికి మొదటి ప్రార్థన, రాత్రి ఎనిమిదింటికి చివరిది. నడుమ మరికొన్ని ప్రార్థనలు, భోజన వేళలు తప్ప ఏమీ రాసి లేదు. ఉపన్యాసాలు గానీ ధ్యాన శిక్షణ గానీ ఉన్నట్టు తోచదు. ఆ విశ్వాసం లేని నేను వారి ప్రార్థనలో కూర్చుంటే అపచారమవుతుందా? ఖాళీ వేళల్లో ఏం చేయాలి? బసకు ఇంత అని రుసుము చెప్పలేదు కాబట్టి ఎంత ఇవ్వడం మర్యాద? స్వయంగా ఉండి వచ్చినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

పదేళ్లలో నాలుగుసార్లు ఇలాంటి మఠాలలో ఉన్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ ఆ పట్టికను చూసి, నడుమ ఉన్న ఖాళీని ఎలా నింపాలా అని సంచి నిండా పుస్తకాలు మోసుకుపోయాను. అది పొరపాటని మూడో రోజుకు గాని తెలియలేదు.

ముందుగా అపచారం సంగతి. పునీత బెనెడిక్టు ఆరవ శతాబ్దంలో రాసిన నియమావళిలో 73 అధ్యాయాలు ఉన్నాయి. వాటిలో 53వది పూర్తిగా అతిథుల గురించే. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునే స్వీకరించినట్టు స్వీకరించాలని అది మొదలవుతుంది. మఠానికి అతిథులు లేని రోజంటూ ఉండదని కూడా అక్కడే రాసి ఉంది. కాబట్టి మీ రాక వారికి పనిలో అడ్డంకి కాదు, వారు చేపట్టిన జీవితంలో ఒక భాగం. అయితే అదే అధ్యాయం చివర మరో నియమం ఉంది: అనుమతి లేనిదే సన్యాసులు అతిథులతో మాటలు పెట్టుకోకూడదు, ఎదురైతే వినయంగా పలకరించి సాగిపోవాలి. నేటి మఠాలు దీనిని అంత కఠినంగా పాటించకపోవచ్చు గాని, వరండాలో ఎవరైనా తల వంచి నమస్కరించి మాట్లాడకుండా వెళ్లిపోతే మీరేదో తప్పు చేశారని అనుకోకండి.

ఇక ప్రార్థన. మీరు అక్కడ వినబోయేది ముఖ్యంగా బైబిలులోని కీర్తనలు. మొత్తం 150 కీర్తనలనూ వారంలో ఒకసారి పూర్తి చేయాలని నియమావళి చెబుతుంది. ఇప్పుడు దానిని రెండు వారాలకు విస్తరించుకున్న మఠాలూ ఉన్నాయి. సన్యాసులు ఎదురెదురుగా రెండు వరుసలుగా నిలబడి, ఒక చరణం ఈ పక్కవారు, మరొకటి ఆ పక్కవారు పాడతారు. ప్రతి చరణం మధ్యలో ఒక చిన్న విరామం ఉంటుంది, అందరూ కలిసి ఒక ఊపిరి తీసుకునేంతసేపు. కొత్తవారు ఆ విరామం దగ్గర ఆగకుండా ముందుకు పోతారు, అప్పుడు ఆ నిశ్శబ్దంలో వారి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. నాకూ అలాగే జరిగింది. అందువల్ల మొదటి రెండు రోజులు పాడకుండా వినండి. నియమావళి మొట్టమొదటి మాట కూడా ‘విను’ అనే. వారు లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. తల వంచే చోట వంచాలా వద్దా అన్నది మీ మనసుకు వదిలేయవచ్చు. ఏ పుస్తకంలో ఏ పేజీ తెరవాలో తెలియక తికమకపడితే పక్కనున్నవారెవరో తమంతట తామే పేజీ తీసి ఇస్తారు.

కీర్తనలలో స్తుతి ఒక్కటే ఉండదు. కోపం, ఫిర్యాదు, ఎందుకు నన్ను విడిచిపెట్టావన్న నిలదీత, శత్రువులకు కీడు జరగాలన్న కోరిక కూడా ఉంటాయి. అవన్నీ అదే స్వరంలో, అదే నిదానంతో సాగిపోతుంటే, నా లోపల దాచుకున్న వాటికీ అక్కడ చోటుందని నాకు అనిపించింది. మీరు మోసుకువెళుతున్న దుఃఖానికి ఉపన్యాసం కంటే ఇది ఎక్కువ ఉపకరిస్తుందని నా నమ్మకం.

ఖాళీ వేళలకు నా సలహా ఇంతే: ఒక్క పుస్తకం తీసుకెళ్లండి, దానిని కూడా పూర్తి చేయాలని పెట్టుకోకండి. వారి పద్ధతిలో పఠనమంటే నాలుగు వాక్యాలు చదివి, ఏ మాట దగ్గర మనసు ఆగితే అక్కడే తామూ ఆగిపోయి, దానినే పదే పదే నెమరువేసుకోవడం. తోటలోనో వంటగదిలోనో చేయదగిన పని ఉంటే ఇమ్మని అడగండి. సోమరితనం ఆత్మకు శత్రువని 48వ అధ్యాయం చెబుతుంది. గిన్నెలు తుడుస్తూ గడిపిన ముప్పావుగంట ఆ రోజంతటిలో నాకు అత్యంత ప్రశాంతమైన సమయంగా గుర్తుంది.

రెండవ సమాధానం

నేను ఒక మఠానికి ఒబ్లేటును, అంటే కుటుంబ జీవితంలో ఉంటూనే ఆ మఠంతో బంధం పెట్టుకుని నియమావళి స్ఫూర్తిని పాటిస్తానని మాట ఇచ్చినవాణ్ణి. పైన చెప్పినవాటికి కొన్ని ఆచరణాత్మక విషయాలు జోడిస్తాను.

దివ్యబలిపూజకు, అంటే కతోలికుల ప్రధాన ఆరాధనకు, మీరు నిరభ్యంతరంగా హాజరు కావచ్చు. ఆ పూజలో పంచే పవిత్రమైన రొట్టెను, అంటే దివ్యసత్ప్రసాదాన్ని, మాత్రం కతోలికులు కానివారు స్వీకరించరు. ఆ సమయంలో మీ చోటనే కూర్చోవచ్చు. కొన్ని చోట్ల చేతులు ఛాతీపై అడ్డంగా పెట్టుకుని ముందుకు వెళితే పూజ చేసే గురువు ఆశీర్వదిస్తారు. అక్కడి ఆనవాయితీ ఏమిటో ముందే అడగండి.

భోజనం మౌనంగా జరిగే మఠాలలో ఒకరు పుస్తకం చదువుతుంటే మిగిలినవారు వింటూ తింటారు. ఎవరూ నోరు తెరిచి అడగవలసిన అవసరం రాకుండా ఒకరికి కావలసినవి మరొకరు అందించాలని 38వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి మీ పళ్లెం కంటే పక్కవారి పళ్లెం మీద కాస్త ఎక్కువ దృష్టి పెట్టండి, మీ సంగతి వారు చూసుకుంటారు.

కానుక విషయానికి వస్తే, చాలా మఠాలు రుసుము పెట్టవు గాని అడిగితే ఒక మొత్తాన్ని సూచిస్తాయి. అడగడంలో మొహమాటం అక్కరలేదు. మీకు స్తోమత ఉంటే, సాధారణమైన వసతిలో భోజనంతో సహా అన్ని రోజులకు అయ్యేంత ఇవ్వండి. సన్యాసులు తమ చేతి కష్టం మీద బతికేవారు, అతిథిగృహం నడపడం వారికి ఖర్చుతో కూడిన పని. ఇవ్వలేని పరిస్థితి ఉంటే దాచకుండా చెప్పండి. పేదలను, యాత్రికులను మరింత శ్రద్ధతో చూడాలన్నది కూడా ఆ 53వ అధ్యాయంలోని మాటే.

మూడవ సమాధానం

ఒక్క హెచ్చరిక చేయాలనిపించి రాస్తున్నాను. మా అమ్మ పోయిన ఆరు నెలలకు నేను ఇలాగే ఒక మఠానికి వెళ్లాను. మొదటి రోజంతా నిద్రపోయాను, రెండో రోజు హాయిగా గడిచింది, మూడో రోజు సాయంత్రం ఏ కారణమూ లేకుండా ఏడుపు ఆగలేదు. ఫోనూ పనులూ ఇన్నాళ్లు అడ్డుపెట్టిన దుఃఖమంతా అవి తొలగగానే పైకి వస్తుంది. ఇది కీడు కాదు గాని, ఒంటరిగా భరించాలని పంతం పట్టకండి. అతిథుల బాధ్యత చూసే సన్యాసిని ఒక గంట సమయం అడగండి. ఆయనతో మాట్లాడడానికి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) చేయనక్కరలేదు, క్రైస్తవులు కానక్కరలేదు. ఇప్పటికే మానసిక వైద్యుల దగ్గర చికిత్సలో ఉంటే మాత్రం, మందులు ఆపకుండా, వారితో చెప్పే వెళ్లండి. మౌనం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానం చదివి, ఆ ఒక గంట మాటల కోసం ఇప్పుడే ఉత్తరం రాశాను. ఇంకొక్క సందేహం: తెల్లవారుజాము ప్రార్థనకు నిద్ర లేవలేకపోతే, లేదా ఆలస్యమైతే, లోపలికి వెళ్లవచ్చా?

మొదటి సమాధానం రాసినవారు

అతిథులెవరూ అన్ని ప్రార్థనలకూ తప్పనిసరిగా వెళ్లవలసిన పని లేదు. అలసిపోయి ఉంటే పడుకోండి. రాత్రి చివరి ప్రార్థన మాత్రం వదులుకోకండి: చాలా చోట్ల రోజూ అవే మూడు కీర్తనలు, 4, 91, 134, సన్నని వెలుతురులో పాడతారు. ఆ తరువాత ఉదయం వరకు మఠమంతా మౌనం. ఆ మౌనానికి కూడా బెనెడిక్టు ఒక మినహాయింపు పెట్టాడు, అతిథులకు అవసరం వస్తే మాట్లాడవచ్చని.

ఆలస్యం సంగతి ఆయన ఎప్పుడో ఆలోచించి పెట్టాడు. రాత్రి జాము ప్రార్థన మొదట్లో వచ్చే 95వ కీర్తనను బాగా నిదానంగా, సాగదీసి పాడాలని 43వ అధ్యాయంలో రాశాడు, నిద్రమత్తులో వెనుకబడినవారు కూడా అది ముగిసేలోగా వచ్చి చేరుకోగలగాలని. మీరు తలుపు చప్పుడు కాకుండా తెరిచి, వెనుక వరుసలో కూర్చోండి. అలారం మాత్రం దిండు కింద పెట్టుకోండి, ఆ గోడలు పలుచన.