గ్లాస్ ఫైబర్ మానేసి ఎల్‌సీపీ కలిపితే నిజంగా లాభమేనా?

మోల్డ్‌షాప్ శీను: మాది చర్లపల్లిలో చిన్న మోల్డింగ్ షాపు. 30 శాతం గ్లాస్ ఫైబర్ (గాజు పీచు) ఉన్న నైలాన్ 66 దానాతోనే ఎక్కువ పని. గ్లాస్ దెబ్బకి మెషిన్‌లో ప్లాస్టిక్‌ని కరిగించి నెట్టే స్క్రూ, దాని చుట్టూ ఉండే బ్యారెల్ (గొట్టం) అరిగిపోయి ఖర్చు తడిసి మోపెడవుతోంది. మొన్న ఒక సప్లయర్ వచ్చి, ‘గ్లాస్ మానేసి లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ (ఎల్‌సీపీ) 20 శాతం కలపండి, పీచు మెషిన్‌లోనే తయారవుతుంది’ అన్నాడు. రేటు వింటే కళ్లు తిరిగాయి. తెలిసినవాళ్లు చెప్పండి, ఇది అయ్యే పనేనా?

పీచుమిఠాయి: అవుతుంది శీనన్నా. ఎల్‌సీపీ అణువులు అగ్గిపుల్లల్లా బిరుసుగా ఉంటాయి, కరిగినా వరసలోనే ఉంటాయి. వేరే ప్లాస్టిక్‌లో కలిపి గేటు (అచ్చులోకి వెళ్లే సన్న దారి) గుండా నెడితే ఆ బొట్లు సాగి సన్నటి పీచులవుతాయి, చల్లారగానే అలాగే గట్టిపడతాయి. దీనికి ‘ఇన్ సిటు కాంపోజిట్’ (అక్కడికక్కడే పీచు తయారయ్యే మిశ్రమం) అని 1987లోనే కిస్ అనే పరిశోధకుడు పేరు పెట్టాడు. గ్లాస్ సాంద్రత 2.5 పైన, ఎల్‌సీపీది 1.4. బరువు ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోండి. 1997లో పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగినప్పుడు వాడిన ఎయిర్‌బ్యాగుల గుడ్డ వెక్ట్రాన్, అంటే ఎల్‌సీపీ నూలే!

ఆక్రన్ అబ్బాయి: ఎయిర్‌బ్యాగ్ సంగతి ఇక్కడికి తేకండి. ఆ నూలు విడిగా లాగి, గంటల తరబడి వేడిచేసి బలం ఎక్కించినది. శీను గారి మెషిన్‌లో పీచు లాగబడేది ఒక్క క్షణమే. గ్లాస్ పీచు బిరుసుతనం 70 గిగాపాస్కల్స్ పైనే. ఎల్‌సీపీని ఏమీ కలపకుండా పోసినా, వెక్ట్రా (ఒక ఎల్‌సీపీ బ్రాండు) లాంటి రకానికి 10 దరిదాపుల్లో ఆగుతుంది. బ్లెండ్‌లోని పీచు అంతకంటే బాగుండొచ్చు గానీ గ్లాస్‌తో పోటీ మాత్రం కాదు.

పైగా అచ్చులో అన్నిచోట్లా పీచు రాదు. గోడ దగ్గర ప్రవాహం సాగదీస్తుంది కాబట్టి పైపొరలో వస్తుంది. నడుమ బొట్లు బొట్లుగానే మిగిలిపోతుంది. నమ్మకపోతే శాంపిల్ బార్ ఒకటి విరిచి చూడండి.

మోల్డ్‌షాప్ శీను: ఇప్పుడే వైస్‌లో బిగించి విరిచాను. మీరన్నట్టే ఉంది. పైపొర అరటి దొప్ప చీల్చినట్టు పొరలు పొరలుగా ఊడొచ్చింది. లోపల గరుకుగా, రవ్వరవ్వగా ఉంది. నిలువుగా వంచితే బాగానే ఆగింది, అడ్డంగా కోసిన ముక్క మాత్రం చేత్తోనే పుటుక్కుమంది.

పీచుమిఠాయి: అది గేటు, స్పీడు సరిగా పెట్టకపోవడం వల్ల కూడా కావచ్చు. ఎల్‌సీపీ చిక్కదనం, దాన్ని కలిపే అసలు ప్లాస్టిక్‌ది కంటే తక్కువుంటే పీచు బాగా సాగుతుంది. రెండూ అతుక్కోవడానికి కంపాటిబిలైజర్లు ఉన్నాయి. రీగ్రైండ్ (మిగిలిన ముక్కల్ని పొడిచేసి మళ్లీ వాడటం) మాట ఎవరూ ఎత్తరేం? గ్లాస్‌ని గ్రైండ్ చేసిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది. ఎల్‌సీపీ అయితే కరిగి మళ్లీ కొత్త పీచవుతుంది.

ఆక్రన్ అబ్బాయి: రీగ్రైండ్ పాయింటు ఒప్పుకుంటాను, మంచి మాట. కానీ పీపీ (పాలీప్రొపిలీన్) లాంటి చౌక ప్లాస్టిక్ దగ్గర ఇదంతా బెడిసికొడుతుంది. వెక్ట్రా రకాలు 280 డిగ్రీల దగ్గర కరుగుతాయి, ఆ వేడికి పీపీ పాడవడం మొదలవుతుంది. దీనికోసమే వర్జీనియా టెక్‌లో డొనాల్డ్ బెయిర్డ్ బృందం రెండు ఎక్స్‌ట్రూడర్ల (ప్లాస్టిక్‌ని కరిగించి నెట్టే యంత్రాల) పద్ధతి పెట్టింది. ఎల్‌సీపీని విడిగా కరిగించి, కాస్త చల్లార్చి, గట్టిపడేలోపే పీపీలో కలుపుతారు. పరిశోధనగా అద్భుతం. చర్లపల్లి షెడ్డులో రెండు ఎక్స్‌ట్రూడర్లు ఎవరు నడుపుతారు?

పాత టూల్‌రూమ్: ఇద్దరూ బలం గురించే కొట్టుకుంటున్నారు. నాకు తెలిసిన మేరకు ఎల్‌సీపీ ఎక్కువ పనికొచ్చేది వేరేచోట. కొద్ది శాతం వేసినా కరిగిన సరుకు పలచబడుతుంది, అంటే గ్లాస్ అలాగే ఉంచి ప్రవాహానికి సాయంగా దీన్ని వేయొచ్చు. పల్చటి గోడల కనెక్టర్లలో షార్ట్ షాట్ (అచ్చు పూర్తిగా నిండకపోవడం) తగ్గుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. బలం గ్లాసే చూసుకుంటుంది. వెల్డ్ లైన్ మీద మాత్రం కన్నేసి ఉంచు శీనూ. రెండు ప్రవాహాలు కలిసేచోట పీచులు ఆ గీత పొడవునా పడుకుంటాయి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దాటవు. స్క్రూ రంధ్రం పక్కన ఆ గీత వస్తే బిగించేటప్పుడే పగులుతుంది.

పీచుమిఠాయి: అంటే గ్లాస్ పోదు, స్క్రూ అరగడం ఆగదు. శీనన్న అసలు అడిగింది అదే కదా?

పాత టూల్‌రూమ్: అరుగుదలకి బైమెటాలిక్ బ్యారెల్ (లోపల గట్టి లోహపు పొర ఉన్నది) వేయించుకోమను. ఎల్‌సీపీ రేటుతో పోలిస్తే అదే చవక.

మోల్డ్‌షాప్ శీను: సరే. మా దగ్గర ఒక కనెక్టర్ మోల్డ్ ఉంది, చివరి పిన్ను దగ్గర రోజూ షార్ట్ వస్తోంది. దాంట్లో గ్లాస్ నైలాన్‌కి 5 శాతం కలిపి చూస్తా. సప్లయర్‌కి ఫోన్ చేస్తే 25 కిలోల బస్తా తప్ప విడిగా ఇవ్వనంటున్నాడు. మన గ్రూపులో ఎవరి దగ్గరైనా రెండు కిలోలు మిగిలి ఉంటే చెప్పండి, బండి మీద వచ్చి తీసుకెళ్తా.