కాక్లియోగ్రామ్ (చెవి లోపలి కాక్లియా శబ్దాన్ని పట్టే తీరుని చూపే బొమ్మ) నుంచి మళ్లీ శబ్దం రాబట్టినవాళ్లు ఉన్నారా?

రాత్రికోడర్: చెవిలా శబ్దాన్ని పౌనఃపున్యాల వారీగా విడదీసే గామాటోన్ ఫిల్టర్లతో 64 చానళ్లు తీశా. దాని మీద హాఫ్-వేవ్ రెక్టిఫికేషన్ (తరంగంలో నెగటివ్ సగం కొట్టేయడం), ఆపైన ఏజీసీ (శబ్దం స్థాయిని బట్టి గెయిన్, అంటే హెచ్చింపు, తనంతట తానే సర్దుకోవడం). ఇప్పుడు వెనక్కి రావాలి. ఏజీసీని ఎలా విప్పుతున్నారు? కోడ్ ఉంటే పెట్టండి.

తంబూరాతీగ: ఏజీసీ సంగతి సరే, నా గోడు వినండి. 80 మెల్ బ్యాండ్ల (చెవి తీరుకి తగ్గట్టు విడదీసిన పౌనఃపున్య పట్టీలు) నుంచి గ్రిఫిన్-లిమ్‌తో (బ్యాండ్ల బలాల నుంచే తరంగాన్ని పదేపదే అంచనా కట్టే పద్ధతి) తెలుగు గొంతు తీస్తే రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. ‘ఘటం’లో ఒత్తు పలికే ఊపిరంతా బుస్సుమంటోంది. ఇటరేషన్లు పెంచినా అంతే. ఫైల్ పెట్టా, వినండి.

సిగ్నల్‌మాస్టారు: డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. చెవికి ఫేజ్ (తరంగం ఏ క్షణాన ఏ దశలో ఉందో) పట్టదని 19వ శతాబ్దపు శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఎప్పుడో చెప్పాడు. మాగ్నిట్యూడ్ (ఒక్కో పౌనఃపున్యం బలం) సరిచూసుకోండి.

తంబూరాతీగ: అది నిలకడగా మోగే స్వరానికండీ. మృదంగం దెబ్బకి ఫేజ్ చెదరగొట్టి చూడండి, ‘ధిం’ కాస్తా చీదేస్తుంది. 4 కిలోహెర్ట్జ్ దాకా శ్రవణ నాడి తరంగంతో పాటే కొట్టుకుంటుంది. ఫేజ్ పట్టకపోతే ఎందుకట?

సిగ్నల్‌మాస్టారు: చానల్ లోపలి ఫేజ్ వేరు, చానళ్ల మధ్యది వేరు. ముందు బేసిక్స్ చదవండి.

తంబూరాతీగ: ఫైల్ పెట్టా కదా! వినకుండానే పాఠమా?

పాపనాన్న: మధ్యలో దూరుతున్నా. మా పాపకి 22 ఎలక్ట్రోడ్ల కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చి శ్రవణ నాడిని కరెంటుతో తట్టే పరికరం). తనకెలా వినిపిస్తుందోనని నాయిస్ వోకోడర్ (మాటని కొన్ని బ్యాండ్లుగా కోసి, వాటి బలంతో నాయిస్‌ని మోగించే ప్రోగ్రామ్) రాశా. 1995లో షానన్ బృందం చూపించినట్టే, నాలుగు బ్యాండ్లకే మాట తెలుస్తోంది. పాటలో రాగం మాత్రం గల్లంతు.

సిగ్నల్‌మాస్టారు: పాప వినేది అచ్చంగా అదే అనుకోకండి, బాబూ. మీ చెవి వేరు, ఎలక్ట్రోడ్లకి అలవాటుపడ్డ మెదడు వేరు.

పాపనాన్న: థెరపిస్టు గారూ అదే అన్నారు. అయినా విన్న రాత్రి నిద్రపట్టలేదు.

రాత్రికోడర్: నా ప్రశ్న ఎవరికైనా గుర్తుందా?

గులకరాయి: తమ్ముడూ, ఏజీసీ గెయిన్ అంతకుముందు వచ్చిన అవుట్‌పుట్‌ని బట్టే మారుతుంది. ఆ అవుట్‌పుట్ నీ దగ్గరే ఉంది. గెయిన్ మళ్లీ లెక్కకట్టి భాగించు. స్లేనీ, నార్, లయన్ అనే పరిశోధకులు 1994లో చేసిందదే. గెయిన్ సున్నాకి దగ్గరైన చోట జాగ్రత్త, నాయిస్ ఎగదన్నుతుంది. రెక్టిఫైలో పోయిన సగానికి రెండు షరతులు: పాజిటివ్ భాగం మారకూడదు, చానల్ తన బ్యాండ్ దాటకూడదు. వాటి మధ్య తిప్పుతూ పో. చివర్లో ప్రతి చానల్‌నీ కాలంలో తిరగేసి అదే ఫిల్టర్‌లో పంపి, మళ్లీ తిరగేసి కూడు. ఫిల్టర్ తెచ్చిన ఆలస్యం కొట్టుకుపోతుంది.

జీపీయూరాజు: హైఫై-గాన్ (మెల్ బ్యాండ్ల నుంచి శబ్దం పుట్టించే న్యూరల్ మోడల్) పెడితే పోయేదానికి ఇంత తతంగమా?

తంబూరాతీగ: మాటల మీద ట్రైనైన మోడల్‌కి మృదంగం ఇచ్చా, రాజుగారూ. ఎవరో కడుపునొప్పితో మూలిగినట్టొచ్చింది. వింటారా, ఆ ఫైలూ ఉంది.