ప్లాన్ ఒక్కటే, డబ్బులు మాత్రం రెండుసార్లు కట్ అవుతున్నాయి. ఎలా ఆపాలి?

మాది విజయనగరం. నాన్నగారి ఖాతా నుంచి ఒకే వీడియో యాప్ పేరు మీద నెలకి రెండుసార్లు డబ్బులు పోతున్నాయి. 5వ తారీఖున 149 రూపాయలు యూపీఐ ఆటోపేలో కట్ అవుతాయి, అది మేం తీసుకున్న ప్లానే. 18న మాత్రం డెబిట్ కార్డు మీద 299 పోతోంది. అదెవరిదో అంతుపట్టడం లేదు.

యాప్‌లో మా నంబరు, ఇంట్లోవాళ్ల మెయిల్ ఐడీలు అన్నిటితో లాగిన్ అయి చూశాను. 149 ప్లాన్ తప్ప ఇంకేమీ లేదు. ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్లు ఖాళీ. యూపీఐలో ఉన్న మ్యాండేట్ (డబ్బులు వాటంతటవే కట్ అయ్యేలా మనం ఇచ్చే అనుమతి) కూడా ఆ ఒక్కటే. కస్టమర్ కేర్‌వాళ్లు ‘ఈ నంబరుపై రెండో ప్లాన్ లేదు’ అంటారు, గంటస్తంభం దగ్గరున్న మా బ్రాంచిలో ‘యాప్‌వాళ్లనే అడగండి’ అంటారు. మధ్యలో మనం బంతి.

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 24 గంటల ముందు రావాల్సిన మెసేజ్ 17న వస్తోంది. అందులో యాప్ పేరు, కట్ అయ్యే మొత్తం, ఈ-మ్యాండేట్ నంబరు, రద్దుకి లింకు ఉన్నాయి. లింకు నొక్కితే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తుంది, క్రోమ్‌లో తెరిచినా అంతే.

కార్డు బ్లాక్ చేయమని అందరూ చెబుతున్నారు. కానీ ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, గ్యాస్, నాన్నగారి మందుల ఆర్డర్లు అన్నీ ఆ కార్డు మీదే.

కార్డు బ్లాక్ చేయకుండా, చేతిలో ఉన్న మ్యాండేట్ నంబరుతో ఈ ఒక్క 299నే బ్యాంకు వైపు నుంచి రద్దు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎక్కడ, ఎలా చేశారో చెబుతారా?