కియాంతి ద్రాక్షతోటకు పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లడం ఎలా?

సెప్టెంబరు చివర్లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్తున్నాం. మా ఆయన, నేను, పిల్లలు, హైదరాబాద్ నుంచి అత్తయ్య, మామయ్య. కోతల వేళ ఆ ఊరి దగ్గరి కియాంతి కొండల్లో తోట చూడాలని, సాంజొవేజె ద్రాక్షతో చేసిన వైన్ అక్కడే రుచి చూడాలని మామయ్యకు ఎప్పటినుంచో కోరిక. ఎలాగైనా తీర్చాలని ఉంది.

ఫ్లోరెన్స్ నుంచి సియెనా వెళ్లే 222వ నంబరు రోడ్డు మీద గ్రేవె, పాన్‌జానో, కాస్తెల్లీనా వస్తాయి. కొండదారి, అన్నీ మలుపులే. పిల్లలకు కడుపులో తిప్పుతుంది కాబట్టి ఒక్క తోట చాలు. ఏ ఊరి దగ్గర మేలు? కోత పనుల్లో ఉన్నప్పుడు పిల్లల్ని తోటలో తిరగనిస్తారా?

కారు ఇంకో చిక్కు. ఇటలీలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు. మా ఆయనా రుచి చూస్తానంటున్నారు. డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే నయమా? గ్రేవె దాకా బస్సులో వెళ్తే అక్కడ ట్యాక్సీ దొరుకుతుందా?

అన్నిటికన్నా నా బెంగ అత్తయ్య గురించి. ఆవిడ శుద్ధ శాకాహారి, వైన్ ముట్టరు. వైన్‌తో పెట్టే పళ్లెంలో పంది మాంసం సలామీ ఉంటుంది. గొర్రె పాలతో చేసే పెకొరీనో చీజ్‌లో కూడా పాలను గడ్డకట్టించడానికి సాధారణంగా దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ముందే చెబితే రిబొల్లీతా లాంటి కూరగాయల సూప్ మాంసం తగలకుండా చేసిపెట్టే తోటలున్నాయా? అందరూ తింటుంటే ఆవిడ ఊరికే కూర్చోవడం నాకిష్టం లేదు. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.