అప్‌డేట్: గోతిక్ పేపర్ రివిజన్

ఇంటర్నేషనల్ స్కూల్ ఫైనల్ ఇంగ్లిష్ పరీక్షలో గోతిక్ (భయం, రహస్యం నిండిన కథల) పేపర్‌కి ‘ఫ్రాంకెన్‌స్టైన్’, ‘డ్రాకులా’ నవలలు ఎలా రివైజ్ చేయాలని ఇక్కడ అడిగాను. మీ సలహాల్లో నిజంగా పనికొచ్చినవి ఇవి.

ముందు కూర్పు (ఎడిషన్) చూసుకోండి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో మూడు సంపుటాలుగా వచ్చింది, 1831లో మార్పులతో మళ్ళీ వచ్చింది. కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రెండూ దొరుకుతాయి. అధ్యాయాలు వరసగా 24 దాకా ఉంటే అది 1831ది. అందులో ఎలిజబెత్, కథానాయకుడు విక్టర్ ఇంట్లో పెంచుకున్న పిల్ల. 1818లో విక్టర్‌కి మేనత్త కూతురు. క్లాసులో ఒక కూర్పు, ఇంట్లో ఇంకొకటి చదివితే ఈ బంధుత్వం దగ్గరే జవాబు తప్పుతుంది.

అన్నిటికన్నా మేలు చేసింది ‘టెర్రర్’ (ఏదో ఉందన్న భయం), ‘హారర్’ (కళ్ళెదుట చూసి కలిగే జుగుప్స) తేడా. గోతిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చెప్పిన మాట: మొదటిది మనసుని విప్పుతుంది, రెండోది బిగదీస్తుంది. ‘డ్రాకులా’లో, రక్తం తాగే కౌంట్ డ్రాకులా కోటలో ఉన్న హార్కర్ గడ్డం గీసుకునే సన్నివేశం తీసుకోండి. భుజం మీద చెయ్యి పడింది, అద్దంలో వెనకున్న గదంతా కనిపిస్తోంది, మనిషి మాత్రం లేడు. ఇది టెర్రర్. తర్వాత పెట్టెలో పెదాల మీద నెత్తురుతో, జలగలా ఉబ్బి పడున్న కౌంట్ హారర్. ఈ జంట ఒక్కటి చేతిలో ఉంటే చాలా ప్రశ్నలకి వాడుకోవచ్చు.

కొటేషన్లు నాలుగైదు మాటలు మించకూడదు. పొడుగువి పరీక్ష హాల్లో సగంలో మరిచిపోతాం, పైగా విశ్లేషణకి టైం మిగలదు. ఆ కాలపు చరిత్ర గురించి ఒక్క వాక్యం చాలు, అదీ పాఠంలోని మాటకి ముడిపెట్టి.