మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అంతరిక్షంలో వృద్ధాశ్రమం కడితే?

తీరిక_వేళ:
సీరియస్‌గానే అడుగుతున్నా, నవ్వకండి. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేని వాళ్లకి, మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాల్సిన వాళ్లకి ఒంటి బరువే కదా అసలు శత్రువు. ఆ బరువే తెలియని చోట జారిపడి తుంటి విరగడం ఉండదు, వేలితో గోడని నెడితే చాలు గది ఆ చివరకి వెళ్లిపోవచ్చు. అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ 1998లో 77 ఏళ్ల వయసులో డిస్కవరీ షటిల్‌లో వెళ్లి తొమ్మిది రోజులు ఉండి వచ్చాడు, 90 ఏళ్ల వాళ్లు కూడా రాకెట్ ఎక్కారు. ఖర్చు సంగతి వదిలేయండి. ఒంటికి సంబంధించి అడ్డం ఏమిటి?

పాతకాపు:
90 ఏళ్ల వాళ్లని లెక్కలోంచి తీసేయండి. 2021లో నటుడు విలియం షాట్నర్, 2024లో మాజీ పైలట్ ఎడ్ డ్వైట్ వెళ్లింది పది నిమిషాల ప్రయాణం, అందులో తేలింది కాసేపే.
ఇక ఎముకల మాట. అవి గట్టిగా ఉండేదే మన బరువు మోస్తూ ఉండటం వల్ల. ఆ పని లేకపోతే ఒళ్లు కాల్షియాన్ని వదిలేస్తుంది, తుంటి ఎముకలో నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పోతుంది. నేల మీద ముసలివాళ్లకి అంత పోవడానికి ఏడాది పడుతుంది! పోయిన కాల్షియం మూత్రంలోకి వస్తుంది కాబట్టి కిడ్నీలో రాళ్ల భయం అదనం. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్‌లో రోజూ రెండు గంటల పైచిలుకు వ్యాయామం చేయిస్తారు. ట్రెడ్‌మిల్ మీద పాదం ఆనాలంటే భుజాలకి, నడుముకి పట్టీలు బిగించి కిందికి లాగాలి. మోకాళ్ల నొప్పని పైకి తీసుకెళ్లిన మనిషిని రోజూ అలా కట్టేసి పరిగెత్తిస్తామా?

నక్షత్రకుడు:
నడుం నొప్పి వాళ్లు కూడా ఆశపడకండి. అక్కడ వెన్ను సాగి మొదటి రోజుల్లో చాలామందికి కొత్తగా నడుం నొప్పి వస్తుంది. పైగా ముఖం ఉబ్బి, ముక్కు దిబ్బడ.

రాత్రి_డ్యూటీ:
నా భయం వేరే. స్టేషన్‌లో ఒకరికి మెడ సిరలో రక్తం గడ్డకట్టింది, ఆ కేసు 2020లో వైద్య పత్రికలో వచ్చింది. లక్షణం ఒక్కటీ లేదు, పరిశోధన కోసం అల్ట్రాసౌండ్ చేస్తుంటే బయటపడింది. పైనున్న ఇంజెక్షన్లు కొద్దే కాబట్టి కింద డాక్టర్లు డోసు లెక్కేసి సర్దారు, తర్వాత మాత్రలు సరుకుల నౌకలో పంపారు. అదీ ఏరికోరి ఎంపిక చేసిన ఆరోగ్యవంతుల్లో. బీపీ, షుగర్, గుండెలో స్టెంటు ఉన్నవాళ్ల సంగతి చెప్పండి. గుండె ఆగితే ఛాతీ నొక్కాలా, అక్కడ నొక్కేవాడే వెనక్కి తేలిపోతాడు. రోగిని పట్టీలతో బిగించి, ఎదురు గోడకి కాళ్లు తన్నిపెట్టి చేతులతో నొక్కాలి.

తీరిక_వేళ:
సరే, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతేనో? రిటైరయ్యాక అక్కడే ఉండేవాళ్లకి ఎముక ఎంత గట్టిగా ఉంటే ఏం?

పాతకాపు:
ఇది మంచి పాయింటు. అంతరిక్షంలో తగిలే రేడియేషన్ విషయంలో ముసలివాళ్లకి కొంత నయం కూడా, క్యాన్సర్ ముదరడానికి ఏళ్లు పడుతుంది కదా. నాసా ఒకప్పుడు పెద్ద వయసు వాళ్లకి ఎక్కువ మోతాదు ఒప్పుకునేది, 2022 నుంచి మాత్రం వయసుతో పనిలేకుండా ఉద్యోగ జీవితం మొత్తానికి 600 మిల్లీసీవర్ట్‌లని (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క) పెట్టింది. కానీ రాకుండా ఉండటం మన చేతిలో లేదండీ. పెద్ద జబ్బు చేస్తే కిందికి దించాల్సిందే, రష్యా వాళ్ల సోయుజ్ నౌకలో మామూలుగా దిగినా ఒంటి మీద నాలుగు రెట్ల బరువు పడుతుంది. నాసా వ్యోమగామి డాన్ పెటిట్ 2025లో 220 రోజులుండి సరిగ్గా తన 70వ పుట్టినరోజున దిగాడు. ఆయన ఏళ్ల తరబడి శిక్షణ పొందిన మనిషి, మన తాతయ్యలు కాదు.

నక్షత్రకుడు:
గుండ్రంగా తిరిగే స్టేషన్ కడితే సరి, ఆ తిరుగుడుకి ఒళ్లు అంచు వైపు నొక్కుకుని బరువున్నట్టే ఉంటుంది! నిమిషానికి రెండు చుట్లు తిరిగితే 224 మీటర్ల వ్యాసార్ధం దగ్గర భూమ్మీద ఉన్నంత బరువు తెలుస్తుంది.

తీరిక_వేళ:
అంత బరువూ తెచ్చిపెడితే మోకాళ్ల నొప్పి కూడా తిరిగొస్తుంది కదా సార్. ఇంత దూరం పోయిందెందుకు మరి?

నక్షత్రకుడు:
అంచునే ఎందుకుండాలి? ఇరుసు వైపు పోయేకొద్దీ బరువు తగ్గుతుంది, 112 మీటర్ల దగ్గర సగమే. ఎవరి మోకాలు ఎంత మోస్తే ఆ అంతస్తులో గది ఇవ్వండి, వ్యాయామానికి మాత్రం అంచుకి దింపండి. కాకపోతే లిఫ్టు దిగుతుంటే ఒళ్లు పక్కకి తోసినట్టు ఉంటుంది, తల గబుక్కున తిప్పితే కళ్లు తిరుగుతాయి. లిఫ్టులో పట్టుకోవడానికి కమ్మీలు, కూర్చోవడానికి సీట్లు తప్పవు.