లాక్ స్క్రీన్ మీద పాటల యాప్ పెత్తనం ఎంతవరకు ఉండాలి?

కొర్లగుంట టైలర్:
తిరుపతిలో టైలరింగ్ షాపు నాది. పొద్దున తొమ్మిదిన్నరకు మిషన్ మీద కూర్చుంటే అన్నం వేళ దాకా పాటలు నడుస్తూనే ఉంటాయి. ఫోన్‌ను ఎదురుగా దారపు రీళ్ల డబ్బాకు ఆనించి పెట్టుకుంటా. పాత ఫోన్లో వాడిన ప్లేయర్‌కు ఒక ఆప్షన్ ఉండేది. పాట నడుస్తుండగా పక్క బటన్ నొక్కి స్క్రీన్ వెలిగిస్తే, ఫోన్ లాక్ స్క్రీన్ బదులు ఆ యాప్ సొంత పేజీ నిండుగా వచ్చేది. కింద రూపాయి బిళ్లకంటే పెద్ద పాజ్ బటన్, పక్కకు తోస్తే తర్వాతి పాట. కుడి చేతిలో బట్ట పట్టుకుని ఎడమ చేతి బొటనవేలితో తోసేస్తే చాలు, తల తిప్పి చూడాల్సిన పని కూడా లేదు.

పోయిన నెల కొత్త ఫోన్ కొన్నా. యాప్ అదే, పాటలూ అవే. కానీ ఇప్పుడు లాక్ స్క్రీన్ మీద ఒక చిన్న చీటీ లాంటిది వస్తోంది, అందులో గోరంత బటన్లు. కస్టమర్ కొలతలు చెప్తుంటే పాజ్ నొక్కబోతే పక్కది తగిలి ఇంకో పాట గట్టిగా మొదలవుతోంది. నేను అడిగేది ఒకటే. ఫోన్ నాది, ఆ ఆప్షన్ కావాలని ఆన్ చేసుకున్నదీ నేనే. పాటల యాప్ లాక్ స్క్రీన్‌ను మొత్తం ఆక్రమిస్తే తప్పేంటి, ఎవరికి నష్టం?

పాకాల జంక్షన్:
అన్నా, నేను యాప్‌లు రాసే పనిలో ఉన్నా, నా మటుకు అది తప్పే. లాక్ స్క్రీన్ అంటే ఇంటి వాకిలి లాంటిది. పాటలు పాడేవాడు అరుగు మీద కూర్చోవచ్చు కానీ తలుపుకు అడ్డంగా నిలబడకూడదు.

మీ పాత యాప్ చేసిందేంటంటే, స్క్రీన్ ఆరడం, వెలగడం కనిపెట్టి ఆ క్షణంలో తన పేజీని లాక్ మీదికి తెచ్చి నిలబెట్టేది. చాలామంది భయపడతారు గానీ దానివల్ల లాక్ తెరుచుకోదు, ఆ పేజీ దాటాక పిన్ అడుగుతుంది. అప్పట్లో ఈ పని ఏ యాప్ అయినా చేయగలిగేది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక, వెనకాల నడిచే యాప్ దానంతట అది పేజీ తెరవడాన్ని చాలావరకు కట్టడి చేశారు. మీకు కొత్త ఫోన్లో పని చేయకపోవడానికి కారణం అదే అయుండాలి.

నిజానికి పాటల కోసం ఫోనే చోటు ఇస్తూ వచ్చింది. 2011లో ఆండ్రాయిడ్ 4.0 నుంచే లాక్ స్క్రీన్ మీద ప్లే, పాజ్ ఉన్నాయి. 2014లో 5.0 వచ్చాక వాటిని నోటిఫికేషన్‌లో కలిపి, వెనక ఆల్బమ్ బొమ్మ స్క్రీన్ నిండా వేశారు. 2020లో ఆండ్రాయిడ్ 11తో ఆ నిండు బొమ్మ తీసేశారు. 2022లో వచ్చిన 13కి తగ్గట్టు రాసిన యాప్‌లలో బటన్లు ఎక్కడ ఉండాలో ఫోనే సర్దుతుంది, ఎక్కువలో ఎక్కువ ఐదు. యాప్ చేసేదల్లా ఏ పాట నడుస్తోంది, ఎక్కడి దాకా వచ్చింది, ఏమేం చేయొచ్చు అని ఫోన్‌కు చెప్పడమే. ఏ ప్లేయర్ పెట్టినా బటన్లు అదే చోట ఉంటాయి, అలవాటు పడితే చూడకుండానే నొక్కొచ్చు.

కొర్లగుంట టైలర్:
తమ్ముడూ, చెప్పింది బాగుంది. కానీ గోరంత బటన్ ఎక్కడుంటే ఏం లాభం? నాకు నలభై ఎనిమిదేళ్లు, సూదిలో దారం ఎక్కించడానికే అద్దాలు పెట్టుకోవాలి. అలవాటుతో నొక్కాలన్నా వేలు పట్టేంత చోటుండాలి గదా.

చంద్రగిరి టు చిత్తూరు:
నేను రోజూ బస్సులో చిత్తూరు వెళ్లి వస్తాను. టైలర్ అన్న అడిగారు, ఎవరికి నష్టం అని. నాకు జరిగింది చెప్తాను. ఒక ఫ్రీ ప్లేయర్ పెట్టుకున్నాను, పేరెందుకు లెండి. నేను ఏమీ ఆన్ చేయలేదు, ఏదో అప్‌డేట్ తర్వాత దాని పేజీ లాక్ మీదికి రావడం మొదలైంది. ఆ రోజు సాయంత్రం తిరిగొస్తూ, పూతలపట్టు దాటాక టైమ్ ఎంతైందో చూద్దామని రెండు మూడుసార్లు స్క్రీన్ వెలిగించాను. ప్రతిసారీ అదే పేజీ, పాట పేరు, దాని కింద చీరల ప్రకటన. ఫోన్ సైలెంట్‌లో ఉంది. చంద్రగిరిలో దిగాక ఆ పేజీని పక్కకు తోస్తే దాని వెనక అమ్మవి ఏడు మిస్డ్ కాల్స్. నాన్నకు షుగర్ పడిపోయి పక్కింటి వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన బాగానే ఉన్నారు, ఆ రాత్రే ఇంటికొచ్చేశారు. కానీ మిస్డ్ కాల్ కనిపించాల్సిన చోట చీరల ప్రకటన కనిపించింది చూడండి, అది ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మళ్లీ అలాంటి యాప్ పెట్టను.

పాకాల జంక్షన్:
అక్కా, లాక్ స్క్రీన్ కోసమే తయారైన యాప్ తప్ప వేరే ఏ యాప్ కూడా లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు పెట్టి డబ్బు చేసుకోకూడదని ప్లే స్టోర్ నియమం ఉంది. అలా చేసేది కనిపిస్తే స్టోర్‌లో ఆ యాప్ పేజీలోనే ఫిర్యాదు పెట్టొచ్చు, తప్పకుండా పెట్టండి. నేను అడ్డం చెప్పేది ఇందుకే. టైలర్ అన్న లాంటి వాళ్లకోసం తలుపు తెరిస్తే అదే తలుపులోంచి ఈ ప్రకటనల వాళ్లూ దూరతారు.

మంగళం కాలనీ:
మీరిద్దరూ పెద్దదా చిన్నదా అని కొట్లాడుతున్నారు, నన్నడిగితే లాక్ స్క్రీన్ మీద పాటల బటన్ ఏదీ వద్దు. నెలకోసారి అలిపిరి మెట్ల దారిలో కొండకు నడుస్తాను. గాలిగోపురం దాకా నిట్టనిలువు మెట్లు, అక్కడికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది. ఫోన్ జేబులో, చెవిలో కీర్తన. చరణం మంచి పట్టులో ఉండగా తడి బట్ట తగిలి టక్కున తర్వాతిది మొదలవుతుంది, లేదంటే అదే పాట మధ్యలోకి దూకుతుంది. ఆగి, ఆయాసంతో ఫోన్ తీసి, తడి వేలితో వెనక్కి జరిపేసరికి ఆ భావమే పోతుంది.

పాకాల జంక్షన్:
పాట మధ్యలోకి దూకడం ఆ గీత వల్ల. పాటను ముందుకూ వెనక్కూ జరిపే గీత నోటిఫికేషన్‌లోకి ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. జేబులో స్క్రీన్ వెలక్కుండా చూసుకోండి. తాకితే వెలగడం, నోటిఫికేషన్ వస్తే వెలగడం, రెండూ సెట్టింగ్స్‌లో ఆపేయండి. కొన్ని ఫోన్లలో లాక్ మీద పాటల చీటీ కనిపించకుండా చేసే స్విచ్ కూడా ఉంటుంది, సౌండ్ సెట్టింగ్స్‌లో వెతకండి.

చంద్రగిరి టు చిత్తూరు:
ఐఫోన్లో ఈ గొడవే లేదు. బయటి పాటల యాప్ ఏదీ లాక్ మీద సొంత పేజీ వేసే వీల్లేదు. మా ఆఫీసులో ఒకావిడ వాడుతుంది, పాటల పెట్టె బుద్ధిగా అడుగున ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ అలా గట్టిగా కట్టేస్తేనే మంచిదని నా అభిప్రాయం.

కొర్లగుంట టైలర్:
అమ్మా, మీకు జరిగింది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయా. నాన్నగారు బాగున్నారు, అంతే చాలు. అడగకుండా వచ్చి కూర్చునే యాప్‌ను నేను కూడా సమర్థించను. కానీ నేను అడిగి తెచ్చుకున్నదాన్ని, ఎవడో అడక్కుండా మీ నెత్తిన పెట్టినదాన్ని ఒకే గాటన కట్టొద్దు. ఒకడు దొంగతనం చేశాడని వీధిలో అందరి తలుపులూ మూసేస్తారా?

నిన్న రాత్రి షాపు మూశాక సెట్టింగ్స్ అంతా వెతికా. ఆ యాప్‌కు 'ఇతర యాప్‌ల పైన కనిపించడం' అనే అనుమతి ఇచ్చి చూశా. పేజీ మళ్లీ వచ్చింది, పెద్ద బటన్‌తో. కాకపోతే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. వచ్చినప్పుడు దాన్ని తోసి, మళ్లీ ఫోన్ లాక్ తోసి, వేలిముద్ర పెట్టాలి. ఫోన్ కంపెనీ వాళ్లే ఆ చీటీని లాగి పెద్దది చేసుకునే వీలిస్తే ఏ యాప్ పేజీతోనూ నాకు పని లేదు.

పాకాల జంక్షన్:
ఇది మాత్రం ఒప్పుకుంటా అన్నా. పెద్ద బటన్ ఫోనే ఇవ్వాలి, యాప్ దొడ్డిదారిన తేకూడదు. ఈలోపు ఒక మాట. షాపులో పాటలు ఫోన్లోంచే వింటారా, స్పీకర్ ఉందా? బ్లూటూత్ స్పీకర్ అయితే దాని మీది బటన్ నొక్కినా పాట ఆగుతుంది, ఫోన్ లాక్‌లో ఉన్నా సరే. చాలావాటిలో రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట.

కొర్లగుంట టైలర్:
మా అబ్బాయిది ఒకటి అటక మీద పడి ఉంది, రబ్బరు బటన్లది. ఇవాళ దించి మిషన్ బల్ల మీద కత్తెర పక్కన పెట్టుకున్నా. పాజ్ పనిచేస్తోంది. రెండుసార్లు నొక్కితే మాత్రం పాట ఆగి మళ్లీ మొదలవుతోంది, తర్వాతిదానికి పోవడం లేదు. ఎంత వేగంగా నొక్కాలో చెప్పు తమ్ముడూ.